ఆలస్యంగా వచ్చినవారు



చాపాడు ప్రాంతంలో వరినాట్ల కాలం ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలుసు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలైన కె.సి. కాలువ కర్నూలు, నంద్యాల దాటి మన కడప వైపు రావాలి. పైవారికి అందిన తరువాతే కిందివారికి నీళ్లు. నీళ్లు వచ్చినపుడే నాట్లు పడాలి. ఆదివారమైనా సరే, కూలి తల్లులు తెల్లవారకముందే మడిలో దిగుతారు.

అటువంటి ఒక ఆదివారం ఆ మండలంలోని ఒక పల్లె గుడిలో దివ్యపూజ అర్పిస్తున్నాను. ప్రసంగం ముగిసి విశ్వాస సంగ్రహం చెప్పుకొంటుండగా నలుగురైదుగురు స్త్రీలు వచ్చి గోడవారగా కూర్చున్నారు. కాళ్ల బురద ఇంకా ఆరలేదు. సత్ప్రసాదం ఇవ్వబోయే ముందు నేను గట్టిగానే అన్నాను: "దేవుని వాక్యం అయిపోయాక వచ్చినవారు ఏ ముఖంతో సత్ప్రసాదానికి వస్తారు?" వారిలో ఒక్కరూ లేచి రాలేదు.

ఆ రాత్రి నా మాటకు బలం వెదుక్కొంటూ పునీత పౌలుగారు కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ, పదకొండవ అధ్యాయం తీశాను. అయోగ్యంగా భుజించేవారికి హెచ్చరిక అక్కడే కదా ఉన్నది! చదువుతూ పోగా అది నా వైపే తిరిగింది.

కొరింతు క్రైస్తవులు ఇండ్లలో కూడుకొనేవారు. ఆదివారం అప్పటికి సెలవు కాదు. కలవారు ముందే తిని, త్రాగి మత్తెక్కేవారు. లేనివారు ఆకలితో మిగిలేవారు. వీరు పని ముగిసేదాకా రాలేని బానిసలు, కూలీలు అయి ఉంటారని చాలామంది వ్యాఖ్యాతల అభిప్రాయం. ఇది ప్రభువు భోజనమే కాదన్నారు పౌలుగారు. ఆ మందలింపు నడుమనే, కడరాత్రి ప్రభువు రొట్టెను, పాత్రను అందుకొన్న వృత్తాంతం చెప్పారు. అది క్రీ.శ. 54 ప్రాంతం. సువిశేషాలు ఇంకా వ్రాయబడలేదు. అంటే దివ్యసత్ప్రసాద స్థాపన గూర్చి మనకున్న అతి ప్రాచీనమైన వ్రాత, ఆకలితో మిగిలినవారి పక్షాన పుట్టింది. ప్రభువు శరీరాన్ని గుర్తించకుండా తినరాదు అంటారాయన. ఏ శరీరం? బలిపీఠం మీదిది, నిజమే. గోడవారగా కూర్చున్నది కూడ. బలహీనమైన అవయవాలే మరీ అవసరమని తరువాతి అధ్యాయంలో వ్రాసినదీ ఆయనే.

321లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఆదివారం సెలవు ప్రకటిస్తూ, అదను తప్పుతుందని సేద్యపు పనిని మినహాయించాడు. సెలవు పట్టణాలకే వచ్చిందన్నమాట! శ్రీసభ, ఆలస్యంగానైనా, దారి చేసింది. 1953లో పన్నెండవ పయస్ పోపుగారు సాయంకాల పూజకు అనుమతినిచ్చారు. 1983 నాటి శ్రీసభ చట్టం ప్రకారం శనివారం సాయంత్రం పూజలో పాల్గొన్నా ఆదివార బాధ్యత తీరినట్లే. దారి ఉండగా నేను గడియారం చూస్తూ కూర్చున్నాను.

మరునాడు ఉపదేశిగారిని వెంటబెట్టుకొని ఆ ఇండ్లకు వెళ్లి క్షమించమన్నాను. ఒక అవ్వ నవ్వింది. "గంట ఇనపడ్తాది ఫాదరూ. మళ్లో నుంచే దండం పెట్టుకుంటాం" అన్నది.

నాట్లు అయ్యేదాకా పూజ శనివారం రాత్రి ఏడున్నరకు మార్చుకొన్నాం. మీ విచారణలో పూజ ఏ వేళకు? ఆ వేళ ఎవరిని అడిగి పెట్టారు? మొదటి శనివారం ఎనిమిదైనా అవ్వ రాలేదు. రెండవ గంట కొట్టకుండా ఆగాం.