యౌవనమున విషాదము – పౌరుషము

యౌవనము బలమునకే కాదు, సంశయమునకును తావైన దశ. చదువు ముగిసి, జీవనోపాధి ఇంకను కుదురుకొనని వయస్సున “ఈ శ్రమయంతయు దేనికొరకు?” అను ప్రశ్న మనస్సును క్రుంగదీయుట కలదు. పెద్దలు దానిని సోమరితనమని గద్దింతురు. యువకులు దానినే వైరాగ్యమని భ్రమింతురు.

శ్రీరామచంద్రునకును ఇట్టి దశ సంభవించినట్లు యోగవాసిష్ఠము తెలుపుచున్నది. పదునారేండ్లు నిండకమునుపే తీర్థయాత్రలు చేసివచ్చిన రాముడు ఆహారవిహారములయందు ఆసక్తి వీడి, కృశించి, మౌనము వహించెను. విశ్వామిత్రుడు ఆయనను నిందింపలేదు. అది వివేకోదయమని గుర్తించి, సభకు రప్పించి, ఆయన మాట సాంతముగా వినెను. పిమ్మట వసిష్ఠుడు పౌరుషమును, అనగా పురుషప్రయత్నమును బోధించెను. పూర్వకర్మ బలమైనదే యైనను నేటి ప్రయత్నము దానిని జయింపగలదని ఆ ఉపదేశసారము. దానిని గ్రహించిన రాముడు లోకమును విడువలేదు, స్వధర్మమునే చేపట్టెను.

ఆ రాముని వంశనామమునే ధరించిన ఇక్ష్వాకురాజులు క్రీ.శ. 3, 4 శతాబ్దములలో నందికొండ చెంత, కృష్ణాతీరమున, విజయపురి రాజధానిగా పాలించిరి. నాగార్జునసాగర్ ఆనకట్టవలన ఆ లోయ మునుగునని తేలగా, 1954 నుండి 1960 వరకు అచ్చట త్రవ్వకములు జరిగినవి. ముఖ్యమైన కట్టడములను విడదీసి, పైకి చేర్చి, నాగార్జునకొండపైనను అనుపువద్దను మరల నిర్మించిరి. అన్నియు దక్కలేదు, ఊళ్లు విడిచిన కుటుంబముల దుఃఖము చిన్నది కాదు. అయినను మోయదగినదేదో ఎంచి మోసినందుననే కొంత నిలిచినది.

1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఆ ఆనకట్టనుండి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడువబడినది. రాళ్లు మోసిన వేలాది కూలీలలో ఏ ఒక్కడును “ఇది నాది” అనజాలడు. కాని వారు మోసిన రాళ్లు లేక ఆనకట్టయే లేదు. జీవితమునకు అర్థమనునది ఇట్టిదే. అది ముందుగా దొరకి, పిమ్మట పని మొదలగునది కాదు. పని సాగుచుండగా తెలియవచ్చునది. తృప్తియు దాని వెంటనే వచ్చును.

కావున నిరాశ ముంచుకొనివచ్చినపుడు యువకుడు సిగ్గుపడక పెద్దలకు తన మనస్సు విప్పవలెను. పెద్దలు విశ్వామిత్రునివలె విని, వసిష్ఠునివలె ధైర్యము చెప్పవలెను. ఉద్యోగము ఆలస్యము కావచ్చును, ఆశించినది చేజారవచ్చును. సత్యమును, చేతనైన పనిని మాత్రము విడువరాదు. నేటికి ఒక రాయి మోసిన చాలును. రేపటి రాయికి వలయు బలమును శ్రీరామచంద్రుడు అనుగ్రహించుగాక!