కొమ్మ బతికితే చాలా?

సరూర్‌నగర్‌లో మా పాత ఇల్లు అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేశాం. కూలగొట్టే తేదీ తెలిసిన రోజు అమ్మ ఒక్కటే అడిగింది: "ఆ మల్లె ఏమవుతుందిరా?"

"ఒక కొమ్మ పట్టుకెళ్దాంలే అమ్మా, అదీ ఇదీ ఒకటే కదా" అన్నాను. గండం గడిచిందనుకున్నా. కానీ ఆ 'ఒకటే' అన్న మాట నన్ను వదల్లేదు.

వృక్షశాస్త్రం నా వైపే ఉంది. విత్తనం కొత్త జీవి. అండం, పుప్పొడి కలిసి, తల్లిలో లేనిదేదో అందులో చేరుతుంది. కొమ్మలో, దుంపలో, అరటి పిలకలో ఆ కలయిక లేదు. ఉన్న మొక్కే ముందుకు సాగుతుంది. రణపాల ఆకు మట్టి మీద పడేస్తే అంచుల వెంట మొలకలు లేస్తాయి. వాటిని పిల్లలంటాం గానీ, అవి ఆ మొక్కే.

మామిడి సంగతీ అంతే. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లే కాస్తుందన్న భరోసా లేదు. అందుకే వేరే టెంక మొక్క మీద దాని కొమ్మను అంటు కడతారు. ఇప్పుడు బాటసింగారం వెళ్ళిపోయిన పండ్ల మార్కెట్ మా కొత్తపేటలో ఉన్నప్పుడు, ఎండాకాలం లారీల్లో దిగిన బంగినపల్లి కాయలన్నీ ఒక లెక్కన ఎప్పటిదో ఒకే చెట్టు కాయలు. ఆ మొదటి చెట్టు చచ్చిపోయిందనాలా, బతికుందనాలా?

ఇలా బతకడానికి ఒక ఖరీదుంది. అందరూ ఒక్కరే అయితే ఒక్క రోగం చాలు. ఒకప్పుడు ప్రపంచ మార్కెట్‌ని ఏలిన గ్రో మిషెల్ అరటి, పనామా తెగులు వల్ల 1960ల నాటికి దాదాపు కనుమరుగైంది.

సరే, మల్లె కొమ్మ ఆ మల్లే అనుకుందాం. మరి నాకెందుకు తప్పు చేస్తున్నట్టుంది? 2020 అక్టోబర్ వానలకి చెరువు నీళ్ళు మా వీధిలోకొచ్చినప్పుడు ఈ పొద సగం మునిగి, ఆకులన్నీ రాల్చి, వేసవికి మళ్ళీ పూసింది. కొమ్మతో దాని రంగూ వాసనా వస్తాయి. ఆ గోడ పక్కన అది గడిపిన ఏళ్ళు రావు.

మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రి ఉంది. ఏడు వందల ఏళ్ళదంటారు. ఊడలు దిగి మానులయ్యాయి, మొదటి మాను ఏదో చూసి చెప్పలేం. పేరులో పిల్లలున్నా, ఉన్నది ఒక్క చెట్టే. 2018లో దానికి చెదలు పడితే సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. ఒక కొమ్మ విరిచి ఇంకోచోట నాటుకుంటే సరిపోయేది కదా? సరిపోదు. ఆ మర్రి కొమ్మ మర్రే అవుతుంది, పిల్లలమర్రి కాదు.

ఏది ఏ మొక్కో శాస్త్రం చెప్తుంది. దానికి మనం ఎంత బాకీ ఉన్నామో చెప్పదు. నకలు చేతిలో ఉందన్న ధైర్యంతోనే అసలుని తేలిగ్గా నరికేస్తాం. చెట్లనే కాదు, ఇళ్ళనీ వీధులనీ కూడా.

ఇల్లు ఎలాగూ ఆగదు. బిల్డర్‌ని బతిమాలి రెండు నెలలు వాయిదా వేయించాను. అమ్మ కొమ్మ కొయ్యలేదు. నేలంటు తొక్కింది. కొమ్మని వంచి పక్కనున్న కుండీ మట్టిలో కప్పి, పైన ఇటుక పెట్టింది. సొంత వేళ్ళొచ్చేదాకా అది తల్లి నీళ్ళే తాగుతుంది. మనం కనీసం అంతవరకైనా ఆగాలి.

మొన్న వేళ్ళు కనిపించాయి. కత్తెర నాకిచ్చి కొయ్యమంది. కోశాను. కుండీకి నీళ్ళు పోశాక, వారంలో పోయే ఆ పాత పొదకి కూడా ఒక బకెట్ పోసింది అమ్మ.