మూతలేని తొట్టి

అహింసను పరమధర్మముగా నెంచు గృహస్థునకు దోమ యొక కఠినపరీక్ష. పులిని చంపకుండుట సులభము; అది మన యింటికి రాదు. దోమ మాత్రము మన యింటనే, మనము దాచుకొన్న నీటిలోనే పుట్టి, మన బిడ్డలనే కుట్టును. దానిని చంపవచ్చునా?

తమిళనాట కోవిల్‌పట్టి, విరుదునగర్ సీమలో ఈ ప్రశ్న వట్టి వాదము కాదు. అది నల్లరేగడి మెట్టనేల. పడమటి కనుమల చాటున నుండుటచే నైరృతి వానలు అచట చాలవు. ఈశాన్యపు వానలే దిక్కు. తెలుగుదేశము నుండి వలసపోయిన కుటుంబములు పెక్కు ఆ నేలను దున్నుకొని బ్రతికినవి. కోవిల్‌పట్టి చెంత ఇడైచెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ (1923–2021) వారి కథను తమిళమున వ్రాసెను. జీవదయను బోధించినవారును ఆ ప్రాంతమున నుండిరి. కళుగుమలై కొండపై 8వ శతాబ్ది నాటి తీర్థంకర శిల్పములు నేటికిని నిలిచియున్నవి.

మెట్టసీమలో నీరే ధనము. కుళాయి యెన్నడు వచ్చునో తెలియని యిల్లాలు బిందె, డ్రమ్ము, సిమెంటు తొట్టి నింపి దాచుకొనును. డెంగీని వ్యాపింపజేయు ఏడిస్ దోమకు మురుగు అక్కరలేదు. కదలక నిలిచిన యీ మంచినీరే చాలును. అది పాత్ర గోడకు గ్రుడ్లు అంటించును. నీరెండినను అవి నెలల తరబడి చావక, మరల తడి తగిలినప్పుడు పొదుగును. వారము పదిదినములలో దోమ యెగురును. కావున ఈ జ్వరము వానకేగాక నీటియెద్దడికిని తోడు. 2012లో పొరుగుననున్న తిరునెల్వేలి జిల్లాలో ఇది విజృంభించెను. ఆ యేట తమిళనాట 12,000కు మించి కేసులు, 66 మరణములు లెక్కకెక్కెను.

ఆరోగ్యశాఖవారు తొట్టిలో మందు వేయవచ్చినప్పుడు ధర్మభీరువగు గృహస్థుడు "ఇందు ప్రాణులున్నవి గదా!" యని సంకోచించుట సహజము. ఆ సంకోచమును పరిహసింపరాదు. కాని అచటనే ఆగినచో అది దయ కాదు. తన తొట్టిలో పుట్టిన దోమ ప్రక్కయింటి పసిబిడ్డను కుట్టును. ఒకని వ్రతమునకు మూల్యమును పరుల బిడ్డ చెల్లించుట యే ధర్మము? మరియొకడు "చంపుటయే పని" యని తేల్చివేయును. అతడును పొరబడుచున్నాడు. నేడు చంపి తొట్టిని తెరచియుంచినవాడు వచ్చు వారము మరల చంపవలసినదే.

తత్త్వార్థసూత్రము హింసకు మూలమును ప్రమాదమునందు, అనగా ఏమరుపాటునందు చూపినది. ఈ దృష్టితో చూచినచో హింస మందు వేసిన క్షణమున పుట్టలేదు. మూత వేయక విడిచిననాడే పుట్టినది. బిగియ మూసిన తొట్టిలో దోమ గ్రుడ్డు పెట్టలేదు. పుట్టని ప్రాణిని చంపవలసిన పనియు లేదు. లార్వాలు కనబడిన తరువాత మాత్రము గృహస్థునకు వేరు దారి లేదు. తొట్టిని ఖాళీచేసి గోడలు తోమవలసినదే. ఆ హింస గర్వింపదగినది కాదు, మానదగినదియు కాదు.

ముందుజాగ్రత్తయే దయ యనుటకు నారికురుపు కథ నిదర్శనము. ఆంధ్ర, తమిళ రాష్ట్రములతో సహా ఏడు రాష్ట్రములను అది పీడించెను. దానికి టీకా లేదు, నయముచేయు మందు లేదు. త్రాగునీటిని సన్నని బట్టతో వడగట్టుట, దిగుడుబావులను మాన్పించుట ప్రధాన సాధనములైనవి. 1996లో చివరి కేసు కనబడెను. 2000లో భారతదేశము ఆ వ్యాధి నుండి విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. జైనగృహములలో ప్రాణిదయకై పాటించు వడపోత యిట్లు మనుష్యులను కాచినది.

అయినను ఏమరుపాటంతయు ఇల్లాలిదే యనుట అన్యాయము. ఎండలో మోసితెచ్చిన నీటిని పారబోయుమని చెప్పుట ఎంత సులభము! నీరు సక్రమముగా నందినచో ఆమె అన్ని పాత్రలు నింపనక్కరలేదు. ఆ నీటి నేర్పాటు చూడవలసిన పురపాలకులకును, పొరుగువాని మూతలేని తొట్టిని చూచియు మిన్నకుండు సంపన్నునకును ఆ ప్రమాదమున పాలు కలదు. దోమను చంపవచ్చునా యని విచారించువాడు ముందుగా ఆ తొట్టికొక మూత కొనియిచ్చుగాక. అభయదానమునకు అంతకంటె చౌకయైన మార్గము లేదు.