పొగలేని బస్సు - ప్రజల సొమ్ము

మంచిపని యన్న మాట వినబడిన వెంటనే దాని ఖర్చును గూర్చి యడుగుట మన దేశమున లోభిలక్షణముగా నెంచబడుచున్నది. గుడి కట్టించువానిని, చెఱువు త్రవ్వించువానిని "ఎంతయైన"దని యడుగుట మర్యాద కాదు. సొమ్ము వానిది, పుణ్యమును వానిదే. కాని యొకడు దేవస్థానమునకు ధర్మకర్తయై యుండి, యా దేవుని సొమ్ముతో మంచిపని చేయుచున్నానని చెప్పినప్పుడు లెక్క యడుగుట మర్యాదయే కాదు, విధియు నగును. దాతకు తన మనస్సునకు నచ్చిన మంచిని ఎంచుకొను స్వాతంత్ర్యము గలదు, ధర్మకర్తకు లేదు. అతడు చేసినది మంచిదా యని విచారించిన చాలదు. ఆ సొమ్ము ఎవరిదో వారికి ముందుగా కావలసినది ఇదియేనా యని విచారింపవలెను. ప్రభుత్వములు దాతలు కావు, ధర్మకర్తలు. ఈ సంగతిని మఱచుటవలన కలుగు చిక్కులను విద్యుత్తుతో నడచు బస్సుల విషయమున కొంత పరిశీలింప దలచితిమి.

విద్యుద్బస్సులు వలదనువారిలో మేము చేరము. డీజిలు పొగ యెట్టిదో నగరవాసులకు చెప్పనక్కఱలేదు. దానిని మిక్కిలిగా పీల్చువారు అద్దములు బిగించుకొని కార్లలో పోవువారు కారు. రోడ్డుప్రక్క పండ్లమ్ముకొను స్త్రీ, కూడలిలో నిలుచు పోలీసు, బస్సు నడుపువాడు, బస్సుకై కాచుకొన్నవారు పీల్చుచున్నారు. విద్యుద్బస్సు వెల డీజిలు బస్సు వెలకు రెండు మూడు రెట్లున్నను, దినదినము నడుపుటకు పట్టు శక్తివ్యయము తక్కువ. మన విద్యుత్తులో నూటికి డెబ్బదిపాళ్లకు పైగా బొగ్గునుండియే వచ్చుచున్నది గనుక పొగ పోలేదు, చోటు మారినదని కొందఱు వాదింతురు. అందు నిజము లేకపోలేదు. రామగుండము ప్రక్కన నివసించువాని ఊపిరియు ఊపిరియే. అయినను మొత్తముమీద నష్టము కొంత తగ్గునని మేము నమ్ముచున్నాము. కావున మా ప్రశ్న బండిని గూర్చినది కాదు, సొమ్మును గూర్చినది.

ఆ సొమ్మెంతయో చూతము. 2015లో కేంద్రప్రభుత్వము "ఫేమ్" అను పథకము నారంభించినది. 2019లో దాని రెండవ భాగమునకు అన్ని విధముల విద్యుద్వాహనములకును కలిపి రు. 10,000 కోట్లు కేటాయించి, 7,090 బస్సులకు సహాయము చేయుదుమనిరి. 12 మీటర్ల బస్సు ఒక్కదానికి రు. 55 లక్షలవఱకు సాయము. 2023 ఆగస్టులో "పి.ఎం. ఈ-బస్ సేవ" యను పేర మఱి 10,000 బస్సులకు రు. 57,613 కోట్ల యంచనా వేసిరి. అందు కేంద్రము వంతు రు. 20,000 కోట్లు. 2024లో "పి.ఎం. ఈ-డ్రైవ్" క్రింద 14,028 బస్సులకు రు. 4,391 కోట్లు. ఇందులో హైదరాబాదునకు 2,000 బస్సులని 2025లో ప్రకటించిరి. ఇవి చిన్న మొత్తములు కావు. ఇంత సొమ్ము బస్సులపై ఖర్చుపెట్ట తలచుటయే యొక విధమున సంతోషింపదగినది. పెక్కేండ్లుగా రోడ్లకును వంతెనలకును తప్ప బస్సునకు ఎవరును పెద్దపీట వేయలేదు.

అయితే మొదటి బస్సులు ఎక్కడికి పోయినవి? 2019 మార్చిలో హైదరాబాదునకు తొలిగా వచ్చిన 40 విద్యుద్బస్సులు శీతలీకరించిన బండ్లు. అవి తిరిగిన త్రోవ శంషాబాదు విమానాశ్రయమునకు. విమానమెక్కువారును ప్రజలే, వారికి బస్సు ఉండగూడదని మే మనము. కాని ప్రజల సొమ్ముతో వచ్చిన క్రొత్త వసతి మొట్టమొదట విమానపు టిక్కెట్టు కొనగలవాని ముంగిట నిలుచుట యూరక జరిగిన సంగతి కాదు. వెల మిక్కిలియైన బండికి హెచ్చు చార్జీ ఇచ్చువారు కావలెను. వారున్నచోటికే ఆ బండి పోవును. వస్తువు విలువ దాని త్రోవను నిర్ణయించినది. అవసరము నిర్ణయింపలేదు. తరువాతి కాలమున శీతలీకరింపని విద్యుద్బస్సులును వచ్చి సామాన్యమైన త్రోవలలో తిరుగుట నిజమే. అది మేలైన మార్పు.

ఇప్పుడు రెండవ ప్రక్క చూతము. నగరమున లక్షమందికి 60 బస్సులుండుట మేలని కేంద్రప్రభుత్వపు నగరశాఖవారే యొక కొలత యేర్పఱచిరి. కోటిమందికి తక్కువ లేని హైదరాబాదునకు ఆ లెక్కను 6,000 బస్సులు కావలెను. ఉన్నవి అందులో సగమునకు అటునిటుగా నున్నవి. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణమునను, 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశమునను స్త్రీలకు సామాన్యపు బస్సులలో ఉచితప్రయాణము కల్పింపబడినది. శీతలీకరించిన బస్సులలో ఈ సదుపాయము లేదు. దీనివలన ఇల్లు కదలని స్త్రీలు కదలిరి. పనిపాటలకు, పుట్టింటికి, ఆసుపత్రికి ఒకరిని చేయిచాపి యడుగకుండ పోవ మొదలిడిరి. స్త్రీవిద్యను గూర్చి నూఱేండ్లు వ్యాసములు వ్రాసిన మన పత్రికలు చేయలేని మేలు కొంత ఈ టిక్కెట్టు చేసినదని ఒప్పుకొనక తప్పదు. కాని ఎక్కువారు పెరిగినంతగా బండ్లు పెరుగలేదు. మా తరగతిలో మొదటి గంటకు అందుకొనలేని బాలికలు నలుగురైదుగురు ఎల్లప్పుడు నుందురు. హాజరుపట్టీ వ్రాయునప్పుడు బస్సు ఎప్పుడు వచ్చినదని యడుగుదుము. ఎక్కుటకు చోటున్నదా యని యడుగుదుము. అది దేనితో నడచినదని యడుగవలెనని మాకెన్నడును తోచలేదు.

ఇచట నొక బలమైన యాక్షేపణ గలదు. "మీరు నేటివారిని మాత్రమే చూచుచున్నారు. గాలి, ఎండ, వాన, ఇవి పుట్టబోవువారి సొత్తు. ధర్మకర్త వారికిని బాధ్యుడు కాడా?" అని. తప్పక బాధ్యుడే. తాత నాటిన చింతచెట్టు కాయను మనుమడు తినుచున్న దేశమిది. ఈ వాదమును తేలికగ త్రోసివేయుటకు వీలులేదు. కాని దీనినే కొంచెము దూరము వెంబడించి చూడుడు. అరగంట నిలుచున్నను బస్సు రానిచోట మనుష్యుడేమి చేయును? కొన్నాళ్లు ఓర్చుకొనును. పిమ్మట వాయిదాలమీద మోటారుసైకిలు కొనును. ఒకసారి కొన్నవాడు మరల బస్సు మొగము చూడడు. ఏబదిమంది యెక్కిన పాత డీజిలు బస్సు, ఏబది మోటారుసైకిళ్లకంటె గాలికిని రోడ్డునకును మేలు చేయుచున్నది. బస్సునకు గల పచ్చదనము మొదట దానిలో ఎక్కినవారి సంఖ్యయందున్నది. తరువాతనే దాని యంత్రమునందున్నది. కాబట్టి ఒక విద్యుద్బస్సు వెలతో రెండు మూడు సామాన్యపు బస్సులు రాగలచోట, ఆ యొక్కదానినే కొని సంఖ్యను పెరుగనీయకున్నచో, మనము పుట్టబోవువారికి చేసితిమనుకొన్న మేలును కూడ సగము చేతులార జారవిడిచినట్లే. నేటి పేదవాని మేలును రేపటివాని మేలును ఈ విషయమున ఒకదానికొకటి విరోధులు కావు. వానిని విరోధులుగా చేయుచున్నది మన లెక్క కట్టు పద్ధతి.

ఆ పద్ధతి యెట్టిదనగా: సాయము సేవకు గాక వస్తువునకు ముడిపెట్టబడినది. ఫేమ్ పథకమున బ్యాటరీ శక్తిని కొలిచి సాయమిచ్చిరి. ఎంత పెద్ద బ్యాటరీయో అంత సాయము. ప్రయాణికుని ప్రసక్తి లేదు. పిమ్మట వచ్చిన ఈ-బస్ సేవలో దీనిని కొంత దిద్దిరి. బండి కొనుటకు గాక, నడచిన దూరమునకు, 12 మీటర్ల బస్సునకు కిలోమీటరునకు రు. 24 చొప్పున పదేండ్లవఱకు ఇత్తుమనిరి. బండి షెడ్డులో నిలిచిన పైకము రాదు. ఇది తెలివైన మార్పే. అయినను కిలోమీటరు మనిషి కాదు. ఖాళీగా నడచిన కిలోమీటరునకును క్రిక్కిఱిసి నడచిన కిలోమీటరునకును అద్దె యొకటే. అయిదు నగరములకై 2022లో కలిపి పిలిచిన టెండరులో 12 మీటర్ల బస్సునకు కిలోమీటరు వెల రు. 43 పైచిలుకు పలికినది. బండి కంపెనీది, నడుపువాడు కంపెనీ మనిషి, టిక్కెట్టు డబ్బులు మాత్రము రవాణాసంస్థవి. ఎక్కువారు తగ్గిన నష్టము సంస్థదే. నిజాము రాష్ట్రమున 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది పనివారితో ఆరంభమైన రోడ్డు రవాణా, జనులను చేరవేయుట ప్రభుత్వము తన చేతితో చేయవలసిన పని యన్న భావమునకు గుర్తు. నేడా చేయి అద్దె చెల్లించు చేయిగా మాఱుచున్నది. మాఱుట తప్పనము. కాని నడుపువానికి జీతము, సెలవు, శిక్షణ యెవరు చూతురన్న ప్రశ్నకు ఒప్పందపత్రములలో స్పష్టమైన చోటుండవలెను.

అప్పుల్లో మునిగిన రవాణాసంస్థలు అద్దె సరిగ చెల్లించునన్న నమ్మకము లేక కంపెనీలు వెనుదీయుచున్నవని, 2024 సెప్టెంబరులో కేంద్రము రు. 3,435 కోట్లతో ఒక పూచీనిధి నేర్పఱచినది. సంస్థ అద్దె చెల్లింపలేకపోయినచో ముందు ఆ నిధినుండి చెల్లించి, తరువాత రాష్ట్రమునుండి రాబట్టుకొందురు. వ్యాపారదృష్టితో నిది సబబే. పూచీ లేనిదే యెవడును పెట్టుబడి పెట్టడు. కాని చదువరులు ఒక్క సంగతి గమనింప గోరెదము. బండి యజమానికి అద్దె తప్పక యందునని దేశపు ఖజానా అభయమిచ్చినది. ఊరిచివర నిలుచున్న కూలిదానికి ఏడుగంటల బస్సు తప్పక వచ్చునని అభయమిచ్చు పత్రమును మేమింతవఱకు చూడలేదు.

తొందరపాటువలని నష్టమునకు పరదేశపు నిదర్శన మొకటి గలదు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున 2019లో 25 విద్యుద్బస్సులను నడపనారంభించి, చట్రములలో పగుళ్లు కనబడుటచే 2020 ఫిబ్రవరిలో వానినన్నిటిని రోడ్డుమీదినుండి తీసివేసిరి. వానిని చేసిన కంపెనీ 2023 ఆగస్టులో దివాలా దరఖాస్తు పెట్టుకొన్నది. బండ్లు నగరమువారి సొంతమగుటచే నష్టమును వారిదే యైనది. మన అద్దెపద్ధతిలో ఇట్టి ప్రమాదము కంపెనీమీద పడును. ఆ గుణమును మేము కాదనము.

చక్కగా కుదిరిన నిదర్శనమును మన యింటనే యున్నది. 2022 సెప్టెంబరునుండి తిరుపతి తిరుమలల నడుమ విద్యుద్బస్సులు నడచుచున్నవి. త్రోవ చిన్నది, నిత్యము జనముతో నిండినది, చుట్టును అడవి. దిగునప్పుడు బ్రేకు వేసిన కొలది బ్యాటరీలోనికి కొంత శక్తి తిరిగి చేరును. అచట ఆ బండిని ఆ చోటే కోరినది. ప్రజావ్యయమున ఘనతకును ఆడంబరమునకును భేదము చెప్పుచు అరిస్టాటిలు, ఘనుడు సందర్భమునకు తగినట్లు వెచ్చించునని, ఆడంబరుడు చూచువారి కన్నులకై వెచ్చించునని వివరించెను. తిరుమల కొండ మొదటిదానికి చక్కని యుదాహరణము. పచ్చరంగు పూసి, పూలదండ కట్టి, మంత్రిగారు జెండా యూపిన దినమున పత్రికలలో బొమ్మ పడుటతో ప్రయోజనము తీరిపోవు బండ్లు రెండవదానికి. రంగుల విషయమున మన ప్రభుత్వములకు ఎన్నడును లోపము రాలేదు.

కావున మేము కోరునది పెద్దది కాదు. క్రొత్త బస్సు వచ్చిన దినముననే పాత బస్సును తుక్కునకు పంపి, సంఖ్యను మునుపటివలెనే యుంచి, దానిని వృద్ధి యని చెప్పవలదు. సాయధనము నడుగు ప్రతి నగరమును, ఏ స్టాపునందు గంటకెన్ని బస్సులు ఆగుచున్నవో నిరుటి లెక్కను ఏటిలెక్కను ప్రక్కప్రక్కన అచ్చొత్తించి స్టాపులోనే అతికింపవలెను. దానికగు ఖర్చు కాగితమును, మైదాపిండి జిగురును. ఆ రెండు వరుసలను చదువవలసినవారు అచటనే నిలుచుండియున్నారు. వారికి తీరికయు గలదు.