లూగర్ పిస్టల్ ఒకటి

పాత సైనిక పిస్టళ్ల మార్కెట్లో ఒకే మోడల్, ఒకే సంవత్సరం, ఒకే స్థితిలో ఉన్న రెండు తుపాకులు రెండు వేరు ధరలు పలకడం మామూలే. తేడా ఇనుములో ఉండదు, దాంతోపాటు వచ్చే కాగితంలో ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో యూరప్ నుంచి ఇంటికి బయల్దేరిన అమెరికన్ సైనికుడు శత్రువు దగ్గర పట్టుకున్న వస్తువేదైనా తీసుకెళ్లాలంటే పై అధికారి సంతకంతో ఒక ధ్రువపత్రం ఉండాలి. దాన్నే ఇప్పుడు క్యాప్చర్ పేపర్ అంటున్నారు. అందులో సైనికుడి పేరు, హోదా, సర్వీస్ నంబరు, యూనిట్ ఉంటాయి. వస్తువు వివరం మాత్రం ఒక్క ముక్కలో తేల్చేస్తారు: లూగర్ పిస్టల్ ఒకటి. అదృష్టం బాగుంటే పక్కన సీరియల్ నంబరు.

ఈ కాగితం ఉంటే ధర పెరుగుతుంది. ఆ అదనపు డబ్బుతో కొంటున్నదేమిటి?

చరిత్ర అంటారు సేకరించేవాళ్లు. (కలెక్టర్లు అంటే మనకి ఇంకో అర్థం ఉంది కాబట్టి ఇలాగే పిలుస్తాను.) ఆ జవాబుని తేలిగ్గా కొట్టిపారేయలేం. వాళ్ల శ్రద్ధ చూస్తే నాకు నిజంగా ముచ్చటేస్తుంది. 1908లో జర్మన్ సైన్యం తీసుకున్న ఈ లూగర్లో చిన్న చిన్న భాగాల మీద కూడా సీరియల్ నంబరులోని చివరి రెండంకెలు కొట్టి ఉంటాయి. అన్నీ కలిసి, మ్యాగజైన్ మీద నంబరు కూడా కలిస్తే వాళ్లకి పండగే. మొదటి ప్రపంచ యుద్ధం నాటివాటిలో కొన్నింటికి పిడి ముందు వైపు రెజిమెంటు, కంపెనీ, ఆయుధం సంఖ్య ఉంటాయి. పాత శాసనం చదివినట్టు చదువుతారు వాటిని. నంబర్లు అరగదీసి కొత్తవి కొట్టే మోసగాళ్లూ ఉన్నారు, అంకెల వంపు చూసి వాళ్లని పట్టేసేవాళ్లూ ఉన్నారు. డబ్బు కడితే కోల్ట్ కంపెనీ తన రికార్డులు వెతికి, ఫలానా నంబరు తుపాకీ ఏ తేదీన ఎక్కడికి వెళ్లిందో ఉత్తరం రాసి ఇస్తుంది. ఇక సింగర్ సంగతి. మన అమ్మమ్మల కుట్టుమిషన్ సింగరే. అమెరికా యుద్ధంలోకి దిగేముందు సైన్యం ఆ కంపెనీకి ప్రయోగాత్మకంగా 500 పిస్టళ్ల ఆర్డర్ ఇచ్చింది. అందులో మొదటి నంబరు పిస్టల్ 2017 వేలంలో 4 లక్షల డాలర్లు దాటింది.

ఆ ధరతో నాకు పేచీ లేదు. అది అరుదైన తపాలా బిళ్ల ధర లాంటిది. 500 చేశారు, ఇది మొదటిది, అంతే. క్యాప్చర్ పేపర్‌కి ఇచ్చే ధర వేరు. లక్షల్లో తయారైన మామూలు పిస్టల్ ఒక మనిషి నడుము నుంచి ఇంకో మనిషి నడుముకి మారిందని ఆ కాగితం చెబుతుంది. రెండో మనిషి పేరే చెబుతుంది. మొదటి మనిషి ఊసుండదు. కోడ్‌లో ఏ లైను ఎవరు ఎప్పుడు మార్చారో గిట్ గుర్తుపెట్టుకుంటుంది. ఎవరైనా పాత చరిత్రంతా తీసేసి తన పేరుతో మొదటి కమిట్ పెడితే లాగ్ చూడ్డానికి చాలా శుభ్రంగా ఉంటుంది. ఇదీ అలాంటి లాగే.

ఇక్కడ వాళ్ల తరఫున ఒక మాట చెప్పాలి. ఈ పిస్టళ్లలో చాలావాటి వెనక హత్యేమీ లేదు. లొంగిపోయిన సైనికులు కుప్పపోసిన ఆయుధాల్లోంచి తీసుకున్నవి ఉన్నాయి, తోటి సైనికుడి దగ్గర సిగరెట్లిచ్చి మార్చుకున్నవి ఉన్నాయి. అసలు ఆ యుద్ధంలో పిస్టల్ చంపింది తక్కువ. ఫిరంగులు, బాంబులు చంపాయి. మరి అందరికీ పిస్టలే ఎందుకు కావాలి? ఒక చేతిలో ఇమిడేది కాబట్టి, దాన్ని పట్టుకుంటే యుద్ధం ఇద్దరు మనుషుల మధ్య జరిగినట్టు ఊహించుకోవచ్చు కాబట్టి. ఫిరంగి గుండు ఆ వీలు ఇవ్వదు. కథని కొనకు, తుపాకీని కొను అని ఈ వ్యాపారంలో ఒక నానుడి ఉంది. తాతలు మనవళ్లకి చెప్పే కథలు ఏటేటా పెరుగుతాయి కాబట్టి మంచి సలహానే. కాగితం అడిగేది కూడా అందుకే. కానీ ఆ కాగితం కథని ఆపుతుందా? 'పట్టుకున్నాడు' అన్నంతవరకు రాసి వదిలేస్తుంది. మిగతాది కొనేవాడు రాత్రి ఒంటరిగా పూర్తి చేసుకుంటాడు.

ఖాళీలేవీ మిగలకుండా పూర్తిగా నింపిన కాగితం ఉంటే ఏమవుతుందో 2016లో చూశాం. సైనిక పిస్టల్ కాకపోయినా ఆ ఉదంతం ఇక్కడ చెప్పాలి. 2012 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలో ట్రేవాన్ మార్టిన్ అనే పదిహేడేళ్ల నిరాయుధుణ్ని జార్జ్ జిమర్‌మన్ కాల్చి చంపాడు. ఆత్మరక్షణ అన్నాడు, మరుసటి ఏడాది జ్యూరీ నిర్దోషి అంది. తర్వాత అతనే ఆ పిస్టల్‌ని చరిత్రలో ఒక భాగమంటూ వేలానికి పెట్టాడు. మొదట పెట్టిన వేలం సైటు దాన్ని తీసేసింది. జనం ఛీ అన్నారు. సేకరించేవాళ్ల కొలమానం ప్రకారం చూస్తే అంతకన్నా పక్కా రికార్డు ఎక్కడ దొరుకుతుంది? తేదీ ఉంది, స్థలం ఉంది, కోర్టు సాక్ష్యం ఉంది, చనిపోయినవాడి పేరు ఉంది. ఆ చివరిది ఉండటమే సమస్య. క్యాప్చర్ పేపర్ విలువంతా అందులో రాయని ఆ ఒక్క పేరు మీద ఆధారపడి ఉందని నాకు అనిపించింది అప్పుడే.

కానీ టిప్పు కత్తి దగ్గర ఈ సిద్ధాంతం విరిగిపోతుంది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక అతని పడకగదిలో దొరికిన కత్తిని జనరల్ డేవిడ్ బెయిర్డ్‌కి బహూకరించారు. ఆ సంగతి కత్తి మీదే చెక్కారు. 2023 మే నెలలో లండన్ వేలంలో అది 1.4 కోట్ల పౌండ్లు పలికింది. చచ్చిపోయినవాడి పేరు తెలియడం వల్లే అంత ధర. ఆ చెక్కిన అక్షరాలు కూడా ఒక క్యాప్చర్ పేపరే కదా. కాకపోతే ఆ వార్త మనం ఓడినవాడి వైపు నుంచి చదివాం. 'మనది' అన్నాం. లూగర్ దగ్గర ఆ వైపున నిలబడటానికి ఎవరూ లేరు. హిట్లర్ సైన్యంలోని అధికారి మీద జాలి పుట్టించుకోవడం నాకూ కష్టమే. అయితే కాగితం ఆ పేరు వదిలేసింది అతని పాపాలు లెక్కేసి కాదు. ఫారంలో ఆ గడి లేదు, అంతే.

కాలం గడిస్తే సరిపోతుందా అంటే, అమెరికా చట్టం సూటిగా ఒక అంకె చెబుతుంది: 50. తయారై యాభై ఏళ్లు దాటిన తుపాకీని 'వింత వస్తువు, పురావస్తువు' కింద లెక్కేస్తారు. ఆ లెక్కన 1945 నాటివన్నీ ఎప్పుడో గట్టు దాటేశాయి. సాలార్ జంగ్ మ్యూజియంలో కత్తుల ముందు నిలబడి మనం సెల్ఫీలు తీసుకోవడం లేదూ? నేనూ తీసుకున్నాను. ఏమీ అనిపించలేదు.

కానీ పసిఫిక్ వైపు చూస్తే ఈ యాభై ఏళ్ల లెక్క తప్పుతుంది. యుద్ధానికి వెళ్లే జపాన్ యువకుడికి ఇంటివాళ్లు, ఇరుగుపొరుగు, స్నేహితులు ఒక జెండా మీద తమ పేర్లు రాసి ఇచ్చేవారు. అతను దాన్ని ఒంటి మీదే పెట్టుకుని తిరిగేవాడు. వేలాది జెండాలు అమెరికన్ సైనికుల సంచుల్లో వాళ్ల ఇళ్లకి చేరాయి. ఇప్పుడు ఓరెగాన్‌లోని ఓబాన్ సొసైటీ అనే సంస్థ వాటి మీది పేర్లు చదివించి, కుటుంబాలను వెతికి పంపిస్తోంది. డెబ్భై ఏళ్లు దాటినా ఆ జెండా ఎదురుచూసేవాళ్లకి పాత వస్తువు కాలేదు. పేరు ఉంది కాబట్టి చిరునామా దొరుకుతోంది.

అదే సైన్యం వాడిన నంబు పిస్టల్ మీద కూడా రాత ఉంటుంది. సీరియల్ నంబరు, ఫ్యాక్టరీ గుర్తు, తయారైన నెల. 19.3 అని ఉంటే షోవా 19వ సంవత్సరం, మూడో నెల. అంటే 1944 మార్చి. అంత ఖచ్చితంగా చెబుతుంది.

ఒక ఇంట్లో తాత పోయాక అటక మీది ట్రంకు పెట్టెలో ఈ రెండూ పక్కపక్కన దొరికాయనుకుందాం. రెండూ ఒకే మనిషి ఒంటి మీంచి వచ్చి ఉండొచ్చు. మనవడు మంచివాడే. జెండాని ఇస్త్రీ చేయకుండా జాగ్రత్తగా మడిచి ఓరెగాన్‌కి పార్సిల్ చేస్తాడు. పిస్టల్ ఫోటోలు తీసి వేలం సంస్థకి పంపిస్తాడు. రెండు రోజుల్లో జవాబు వస్తుంది: దీంతోపాటు కాగితాలేమైనా ఉన్నాయా?