ఎరుగనిదానిని ఎరుగనని చెప్పుట

ధ్యాన భాగములు: యోహాను 9:18–38, అపొస్తలుల కార్యములు 19:23–41



ఎఫెసు పట్టణపు నాటకశాలలో ఒకనాడు జరిగిన అల్లరిని లూకా మనకొరకు వ్రాసియుంచెను. దేమేత్రియను కంసాలి తన వృత్తికి నష్టము కలుగుచున్నదని తోటి పనివారిని రేపెను. వారి కేకలు విని పట్టణమంతయు కదలెను. గాయియును అరిస్తార్కును పట్టుకొని జనులు నాటకశాలలో చొరబడిరి. రెండు గంటలసేపు ఒకే నినాదము మారుమ్రోగెను. అయితే లూకా ఆ సభనుగూర్చి ఒక చిన్న సంగతి చేర్చుచున్నాడు. అక్కడ కూడినవారిలో ఎక్కువమందికి తాము ఎందుకు వచ్చితిమో తెలియదట. గొంతులు బొంగురుపోయినవి గాని సంగతి తెలియలేదు.

ఆ జనులందరు దుర్మార్గులని లూకా చెప్పలేదు. ఇరుగుపొరుగువారందరు పరుగెత్తుచుండగా ఒక్కడు ఇంట కూర్చుండుట కష్టము. నలుగురితో నారాయణ అను సామెత మనవారికి క్రొత్తది కాదు. నలుగురు అనుచున్న మాటను మనమును అనినయెడల నలుగురిలో మనకును చోటు దొరకును. మనుష్యుని హృదయము ఆ చోటుకొరకు ఎంత వెలయైనను చెల్లించును.

మన కాలమందు నాటకశాల రూపము మారినది. కలెక్టరు కార్యాలయము ఎదుట వేసిన ధర్నా పందిరి, విద్యార్థి సంఘపు గది, చేతిలోని ఫోను, ఇవన్నియు నాటకశాలలే. మన యౌవనస్థులలో అనేకులు న్యాయముకొరకు పాటుపడు సంఘములలో చేరుచున్నారు. ఇందుకు మనము విచారపడనక్కరలేదు. ఆమోసు గ్రంథమును చదివినవారెవరును దీనిని తప్పుపట్టజాలరు. అయితే ఆ పనిలో ప్రవేశించినవానికి ఒక శోధన పొంచియుండును. తోటివారు ఒక మాట నిశ్చయముగా పలుకుచుందురు. అది నిజమో కాదో ఇతడు విచారింపలేదు. తెలియదని చెప్పినయెడల తనను పరాయివానిగా చూచెదరేమోయని భయము. గనుక ఇతడును అదే మాటను వారికంటె కొంచెము గట్టిగా పలుకును. కొన్నాళ్లకు అది తన స్వంత అభిప్రాయమేయని నమ్ముకొనును.

ఒక ఉదాహరణ మన మధ్యనుండియే తీసికొందము. దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులముల హోదా ఇయ్యవలెనను కోరిక మన తెలుగు సంఘములలో బహుకాలముగా ఉన్నది. ఆగస్టు 10వ తేదీని నల్లదినముగా పాటించువారును కలరు. ఆ ఊరేగింపులో నడచుచున్న ఒక యౌవనస్థుని ఆ తేదీకి అర్థమేమని అడిగి చూడుడి. రాజ్యాంగమే మనలను వెలివేసినదని ఒకడు చెప్పును. ఆ నియమము పుట్టిననాటినుండి ఎన్నడును మారలేదని మరియొకడు చెప్పును. మన పిల్లలకు ఏ రిజర్వేషనును లేదని వేరొకడు చెప్పును. ఈ మూడు మాటలలో ఒక్కటియు సరియైనది కాదు.

రాజ్యాంగములోని 341వ అధికరణము మతమునుగూర్చి ఏమియు చెప్పదు. ఆ జాబితాను ప్రకటించు అధికారమును రాష్ట్రపతికిని, దానిని మార్చు అధికారమును పార్లమెంటుకును అది ఇచ్చుచున్నది. మతపు షరతు వచ్చినది 1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడవ పేరాలో. ఆ పేరాను 1956లో సిక్కులకొరకును, 1990లో బౌద్ధులకొరకును పార్లమెంటు సవరించెను. రిజర్వేషను సంగతి చూడుడి. 1970లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వెనుకబడిన తరగతుల జాబితాను ప్రకటించినప్పుడు, క్రైస్తవులైన షెడ్యూల్డు కులములవారిని ‘సి’ వర్గముగా చేర్చి వారికి ఒక శాతము కేటాయించెను. అది చాలునా అనునది వేరు ప్రశ్న. షెడ్యూల్డు కులములకు ప్రత్యేకించిన శాసనసభ, లోకసభ స్థానములలో పోటీచేయు హక్కు ఆ ఒక శాతముతో రాదు. 1989 నాటి అత్యాచారముల నిరోధక చట్టపు రక్షణయు దానితో రాదు. అసలైన వాదము అక్కడ ఆరంభమగును. వినికిడి మాటలతో తృప్తిపడినవాడు అక్కడికి చేరనే చేరడు.

ఎదుటివారి మాటయు ఒకటి ఉన్నది. 2007లో రంగనాథ మిశ్రా కమిషను ఆ మతపు షరతును తీసివేయవలెనని సిఫారసు చేసెను. అయితే ఆ కమిషను సభ్య కార్యదర్శియే దానితో ఏకీభవింపక వేరుగా తన అభిప్రాయము వ్రాసెను. ఇప్పటికే ఆ జాబితాలో ఉన్న బీదలలో కొందరు తమ వంతు తగ్గునేమోయని భయపడుచున్నారు. ఇదే సంగతిని పరిశీలించుటకు 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరియొక కమిషను నియమింపబడెను. ఇవన్నియు తెలిసికొనిన తరువాత ఆ కోరిక న్యాయమైనదని ఒకడు మునుపటికంటె బలముగా నమ్మవచ్చును. అప్పుడు ఆ నమ్మకము వానిది. అంతకు ముందున్నది పొరుగువానియొద్ద అప్పు తెచ్చుకొనినది.

ఉద్దేశము మంచిదైనప్పుడు మాటలో కొంత తప్పు దొర్లిన నష్టమేమని కొందరందురు. నిర్గమకాండము 23వ అధ్యాయపు మొదటి వచనములను చదువుడి. లేనిపోని వార్తను మోయవద్దను ఆజ్ఞయు, గుంపు వెంట పోయి న్యాయమును వంకర చేయవద్దను ఆజ్ఞయు అక్కడ ప్రక్కప్రక్కన ఉన్నవి. ఆ తరువాతి ఆజ్ఞ మనలను ఆశ్చర్యపరచును. బీదవాని వ్యాజ్యెములో సహితము పక్షపాతము కూడదట. బీదలను ఇంతగా ఆదరించిన ధర్మశాస్త్రము ఈ మాట ఎందుకు చెప్పెను? అబద్ధము బీదవానికి ఊతకర్ర కాజాలదు. బరువు మోపగానే అది విరుగును. అధికారి ఎదుట మనము ఒక్క తప్పుడు మాట చెప్పినయెడల దానితోకూడ పది నిజమైన మాటలు కొట్టుకొనిపోవును. అప్పుడు పలికినవాడు ఇంటికి పోవును. ఎవని పక్షమున పలికెనో వాడు నష్టపోవును.

ఇప్పుడు యోహాను 9వ అధ్యాయమునకు వత్తము. పుట్టు గ్రుడ్డివాడైన ఒకడు సిలోయము కోనేటిలో కడుగుకొని చూపు పొందెను. పరిసయ్యులు వాని తలిదండ్రులను పిలిపించిరి. వాడు తమ కుమారుడనియు, గ్రుడ్డివాడుగా పుట్టెననియు వారు ఒప్పుకొనిరి. ఎవరు బాగుచేసిరని అడుగగా మాత్రము తమకు తెలియదని తప్పించుకొనిరి. సమాజమందిరములోనుండి వెలివేయుదురను భయముచేత అట్లు పలికిరని యోహాను స్పష్టముగా వ్రాయుచున్నాడు. ఇచ్చట జాగ్రత్తగా గమనింపుడి. తెలియదను మాట కూడ పిరికితనమునకు ముసుగు కాగలదు. తెలియనిదానిని తెలిసినట్టు పలుకువాడును, తెలిసినదానిని తెలియనట్టు దాచువాడును ఒక్క భయమునకే దాసులు. గనుక ఏ సంగతిలోను నోరు మెదపక తప్పించుకొని తిరుగువాడు ఈ ధ్యానమును తనకు అనుకూలముగా త్రిప్పుకొనకుండునుగాక.

కుమారుడు మరియొక విధముగా నిలిచెను. యేసు పాపియని ఒప్పుకొమ్మని వారు వానిని బలవంతము చేసిరి. ఆ మనుష్యుని పాపపుణ్యముల సంగతి తనకు తెలియదని వాడు చెప్పెను. తాను గ్రుడ్డివాడై యుండి ఇప్పుడు చూచుచున్నానను సంగతి మాత్రము తెలియుననెను. ఎరుగనిదానిని ఎరుగననియు, ఎరిగినదానిని ఎరుగుదుననియు ఒకే శ్వాసలో చెప్పిన మనుష్యుడు వాడు. వానికి చదువు లేదు, పలుకుబడి లేదు. నిన్నటివరకు భిక్షమెత్తినవాడు. అయినను ఆ సభలో నమ్మదగిన సాక్షి వాడొక్కడే.

దానికి వాడు వెల చెల్లించెను. వానిని వెలివేసిరి. తలిదండ్రులు కాపాడుకొనిన చోటును కుమారుడు పోగొట్టుకొనెను. అయితే సువార్త అక్కడ ముగియలేదు. వానిని వెలివేసిరని యేసు విని, వానిని కనుగొనెను. తలిదండ్రులను యేసు వెదకి వెళ్లినట్టు అక్కడ వ్రాయబడలేదు. వెలుపల నిలిచినవానియొద్దకే ఆయన వచ్చెను; వాడు ఆయనకు మ్రొక్కెను.

ప్రియులారా, మన చోటు ఎక్కడ ఉన్నదో ఇందువలన తెలిసికొందము. అభిప్రాయములను చెల్లించి కొనుక్కొనిన చోటు రేపు మరియొక అభిప్రాయమును అడుగును. చెల్లింపకపోయిన యెడల త్రోసివేయును. క్రీస్తునందు మనకు కలిగిన చోటు ఆయన రక్తముచేత కొనబడినది. అట్టివాడు స్నేహితుల మధ్య కూర్చుండి, ఈ సంగతి నాకు ఇంకను తెలియదు, చదివి చెప్పుదునని నిర్భయముగా చెప్పగలడు. ఆ దినమునుగూర్చి తండ్రికి తప్ప కుమారునికిని తెలియదని చెప్పుటకు మన ప్రభువు వెనుదీయలేదు (మార్కు 13:32). మనకెందుకు సిగ్గు?

ఈ నెలలో ఒక పని చేయుదము. ఏ వినతిపత్రముమీద సంతకము చేయకముందైనను, ఏ వార్తను ఇతరులకు పంపకముందైనను మూడు ప్రశ్నలు వేసికొందము. మూలములో ఏమి వ్రాయబడియున్నదో నేను చూచితినా? దీనిని కాదనువాడు ఏమి చెప్పునో వింటినా? నా చుట్టు ఎవరును లేకపోయినను ఈ మాట చెప్పుదునా? బెరయవారు పౌలు మాటను సహితము లేఖనములతో సరిచూచిరి (అపొ. కార్య. 17:11). పౌలు అందుకు నొచ్చుకొనినట్టు ఎక్కడను లేదు.

సంఘ కాపరులకును పెద్దలకును ఒక మనవి. తెలియదని చెప్పిన పిల్లవానిని మనము ఎగతాళి చేసినయెడల వాడు తెలిసినట్టు నటించుట నేర్చుకొనును. యౌవనస్థుల కూటములో నెలకొక్కమారైనను ఒక చట్టమునో ఉత్తర్వునో తెచ్చి కలిసి చదువుడి. రెండు పక్షముల వాదములను వారిచేతనే చెప్పించుడి. అట్లు సిద్ధపడినవాడు ధర్నాకు వెళ్లినప్పుడు వాని నోట ఒక్క మాట చాలును.

ప్రార్థించుదము: సత్యస్వరూపివైన తండ్రీ, మనుష్యుల మెప్పుకొరకు మేము ఎరుగనిదానిని పలుకకుండ మా పెదవులకు కావలియుంచుము. మనుష్యుల భయముచేత ఎరిగినదానిని దాచకుండ మాకు ధైర్యమిమ్ము. బాధింపబడినవారి పక్షమున నిజమైన సాక్షులుగా మమ్మును నిలువబెట్టుము. వెలివేయబడినవానిని కనుగొనిన మా ప్రభువైన యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.