ఏ జన్మ పాపం, ఏ బోరు నీళ్లు

2001 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగులు సుమారు 13.6 లక్షలు. 2011 నాటికి వారు 22.6 లక్షలయ్యారు. ఆ పదేళ్లలో రాష్ట్ర జనాభా పెరిగింది 11 శాతం, వికలాంగుల సంఖ్య మాత్రం 66 శాతం. జనాభాలో వారి వాటా 1.79 నుంచి 2.68 శాతానికి చేరింది.

రాష్ట్రంలో అంత ఉపద్రవమేదీ రాలేదు. మారింది ముఖ్యంగా ప్రశ్న. 2001లో ఐదు రకాల వైకల్యాల గురించి అడిగితే, 2011లో ఎనిమిది రకాల గురించి అడిగారు. మానసిక రుగ్మతకూ, ఒకటికి మించిన వైకల్యాలకూ వేరే గడులు వచ్చాయి. అంతవరకూ కనబడని మనుషులు లెక్కకెక్కారు. ప్రపంచ జనాభాలో 16 శాతం మంది ఏదో ఒక చెప్పుకోదగ్గ వైకల్యంతో బతుకుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నిర్వచనాల తేడా కొంత ఉన్నా, మన లెక్కకు అందనివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారనే అనుకోవాలి.

వాళ్లు లెక్కకు ఎందుకు అందరు? లెక్కలు రాసుకునే ఉద్యోగి గుమ్మంలో నిలబడి అడిగినప్పుడు, పెళ్లి కావలసిన చెల్లెలున్న ఇంట్లో అన్నకు మతిస్థిమితం లేదన్న సంగతి ఎవరు చెబుతారు? ‘ఏ జన్మలో చేసుకున్న పాపమో’ అన్న మాట ఆ ఇంటిని బెదిరిస్తూనే ఉంటుంది. వైకల్యాన్ని పాపఫలమని నమ్మే సమాజం, అది ఉన్నవాళ్ల మీద నేరం మోపినట్టే.

వైకల్యం ఎవరి పాపమన్న ప్రశ్న ఇవాళ్టిది కాదు. పుట్టుగుడ్డి ఒకడు ఎదురైతే, పాపం వీడిదా, వీడిని కన్నవాళ్లదా అని శిష్యులు ఏసును అడుగుతారు. ఇద్దరిదీ కాదంటాడాయన. సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలమేనా అని శివకుడనే పరివ్రాజకుడు అడిగితే, బుద్ధుడు పిత్తం, శ్లేష్మం, వాతం, ఋతువుల మార్పు వంటి ఎనిమిది కారణాలు చెబుతాడు. వాటిలో కర్మ ఒక్కటి మాత్రమే.

ఇంతకన్నా సూటిగా మన నేలకు తగిలే మాట ఆయుర్వేద గ్రంథం చరకసంహితలో, విమానస్థానమనే భాగంలో ఉంది. మనుషుల ఒంటితత్వం, తిండి, వయసు వేరువేరు కదా, జనపదమంతా ఒకేసారి రోగాన ఎలా పడుతుందని అగ్నివేశుడు అడుగుతాడు. గాలి, నీరు, నేల, కాలం చెడడం వల్లనని ఆత్రేయుడి జవాబు. అవెందుకు చెడతాయి? అధర్మం వల్ల. పూర్వకర్మను కూడా ఆయన ప్రస్తావిస్తాడు, కానీ రెండింటికీ మూలం ప్రజ్ఞాపరాధమే, అంటే బుద్ధి తప్పి చేసే పనేనని చెప్పి, దేశాన్నీ నగరాన్నీ ఏలే పెద్దలు ధర్మం తప్పడం దగ్గర మొదలుపెడతాడు.

ఇది నల్లగొండ కథే. తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో వైద్యులు తొలిసారి నమోదు చేసింది 1937లో, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో. కారణం అప్పుడే తెలిసింది. 1967లో నాగార్జునసాగర్ కాలువల్లోకి నీళ్లు వదిలారు. ఆ ప్రాజెక్టున్న నల్లగొండ జిల్లాలోనే కాలువ ఎక్కని మర్రిగూడ ప్రాంతపు పల్లెలు మాత్రం, గ్రానైట్ రాతిపొరల నుంచి ఫ్లోరైడ్ దిగిన బోరునీళ్లే దశాబ్దాలపాటు తాగాయి. ఊళ్లకు ఊళ్లే నడుములు వంగిపోయాయి. ఆ ఊళ్లవాళ్లంతా కూడబలుక్కుని పోయిన జన్మలో ఒకే పాపం చేశారని ఏ ధర్మశాస్త్రం చెప్పగలదు?

తర్వాత తెలంగాణ ప్రభుత్వపు మిషన్ భగీరథ పథకంతో శుద్ధిచేసిన నదీజలాలు ఆ ఇళ్లకు చేరాయి. కానీ ముందే వంగిన ఎముకను మంచినీళ్లు నిలబెట్టలేవు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఫ్లోరోసిస్ పేరు విడిగా లేదు. బాధితులు వైకల్య నిర్ధారణ పరీక్షకు వెళ్లి, చలన వైకల్యం 40 శాతమైనా ఉందని తేల్చుకోవాలి.

2011 జనగణన వైకల్యం ఏ రకమో అడిగింది, ఎలా వచ్చిందో అడగలేదు. 2027 జనగణన ఆ రెండో ప్రశ్న కూడా అడగాలి. నీటివల్లా, పనిలో ప్రమాదంవల్లా, అందని వైద్యంవల్లా వైకల్యం పాలైనవాళ్లు జిల్లాలవారీగా ఎందరో అప్పుడు ప్రభుత్వాలు చెప్పవలసి వస్తుంది.